బ్రేకు బొడిపె విరిగితే సైకిలే మార్చాలట

మా అమ్మాయి సైకిల్ వెనక బ్రేకు గత నెల ఊడి చేతికొచ్చింది. రబ్బర్లు, తీగ బాగానే ఉన్నాయి. పోయింది బ్రేకు చేతులు, అంటే రబ్బర్లు బిగించి ఉండే రెండు కడ్డీలు, నిలబడటానికి ఫ్రేముకి వెల్డింగ్ చేసి ఉండే చిటికెన వేలంత బొడిపె. అలాంటివి రెండుంటాయి కదా, ఎడమవైపుది మొదలంటా విరిగి, పెయింటు పెచ్చుతో సహా బ్రేకు చేతికే అంటుకుని వేలాడుతోంది. సైకిల్ కొని మూడేళ్లే.

కొన్న షాపుకే తీసుకెళ్లా. ఆయన కనీసం వంగి చూడలేదు. "ఫ్రేము పోయినట్టేనండి, ఫ్రేము విడిగా రాదు. ఎక్స్ఛేంజ్‌లో పడేయండి, 1,200 వేసుకుంటా" అన్నాడు. చక్రాలు బాగున్నాయి, చైను పోయినేడాదే మార్చా, సీటు కొత్తది. చిన్న ఇనుప ముక్క విరిగినందుకు మిగతా సైకిలంతా పాత సామాన్ల కింద లెక్కట. నాకు అక్కడే మండింది.

అసలు తప్పు ఆయనది కూడా కాదులెండి. మా నాన్నగారి నల్ల సైకిల్ గుర్తుందా, తీగలుండవు, బ్రేకంతా ఇనుప రాడ్లే, పిడి నొక్కితే రబ్బర్లు పైకి లేచి రిమ్ము అడుగుని పట్టుకుంటాయి. ఆ రాడ్లని పట్టి ఉంచే క్లిప్పులు వెనక గొట్టాలకీ ముందు ఫోర్కుకీ స్క్రూలతో బిగించి ఉంటాయి. అరిగిందా, విరిగిందా, ఊళ్లో ఏ సైకిల్ షాపులోనైనా కొత్త క్లిప్పు కొని బిగించుకోవడమే. అరిగే వస్తువుని, దెబ్బ తినే వస్తువుని ఫ్రేముకి అతికించకూడదు, బిగించాలి. ఇంత చిన్న సంగతి అప్పుడు కట్టినవాళ్లకి తెలిసింది, ఇప్పుడు గేర్లూ స్టిక్కర్లూ పెట్టి అమ్మేవాళ్లకి అక్కర్లేకపోయింది. మా అమ్మాయి సైకిల్‌కున్న రకం బ్రేకు నొక్కిన ప్రతిసారీ రబ్బరు రిమ్ముని నొక్కుతుంది, అదే బలంతో బొడిపె బయటికి తోసుకుంటుంది. రోజూ స్కూలుకి వెళ్లి వచ్చే సైకిల్, ఎన్ని వేలసార్లు నొక్కి ఉంటుందో. వెల్డింగ్ అరకొరగా ఉంటే ఏదో ఒకరోజు విరగక ఏం చేస్తుంది?

2022లో కేంద్రం 'రిపేరు హక్కు' అని కమిటీ వేసినప్పుడు నేను సంబరపడ్డా. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంట్లో వాడే వస్తువులు, వాహనాలు అని నాలుగు రంగాలు చెప్పారు. ఆ చెప్పిన వాటిలో పాపం సైకిల్ పేరు ఎక్కడా లేదు.

సరే, వెల్డింగ్ చేయిద్దామని మా సందు చివర గేట్లు చేసే బాబాయ్ దగ్గరికెళ్లా. ఆయన గోటితో కొట్టి చూసి, "గొట్టం మరీ పల్చన బాబూ, రాడ్డు పెడితే బొక్క పడుద్ది. పట్టినా ఆ రెండోదానితో సమానంగా రాకపోతే బ్రేకు వంకర" అన్నాడు. వచ్చిన డబ్బు వద్దనుకుని నిజం చెప్పాడు. ఆ షాపాయన కంటే ఈయనకే సైకిల్ ఎక్కువ తెలుసనిపించింది.

ఇంటికొచ్చి సైకిల్ తలకిందులుగా పెట్టి కూర్చుంటే కనిపించింది, వెనక చక్రం పైన రెండు గొట్టాల్నీ కలుపుతూ అడ్డంగా ఒక చిన్న గొట్టం, మధ్యలో మడ్గార్డు కోసం 6 ఎంఎం బెజ్జం. అటక మీద నా పాత సైకిల్‌ది ఒకే బోల్టు మీద నిలబడే ముందు బ్రేకు ఉంది. తెచ్చి పెట్టి చూశా. రబ్బర్లు రిమ్ము దాకా రాలేదు, టైరు పక్కల్ని పట్టుకుంటున్నాయి. అలా వదిలేస్తే నాలుగు రోజుల్లో టైరు కోసుకుపోయి ట్యూబు పేలుద్ది. అంటే బ్రేకు మొత్తాన్ని దాదాపు 18 ఎంఎం కిందికి దించాలి.

ఆటోనగర్‌లో 5 ఎంఎం మందం ఇనుప పట్టీ ముక్కలు రెండు కోయించుకొచ్చా. ఒక్కోదానికి పైనొకటి, కిందొకటి బెజ్జం, పైది అడ్డగొట్టానికి, కిందిది బ్రేకుకి. అడ్డగొట్టానికి ముందొక ముక్క, వెనకొక ముక్క, రొట్టెల మధ్య కూరలా గొట్టం. ఒక్క బోల్టు మీదే వేలాడితే ఆ పట్టీలు గడియారం లోలకంలా ఊగుతాయి కదా, అందుకని పట్టీల లోపలివైపు గుండ్రటి ఆకురాయితో అడ్డంగా గాడి తీశా, గొట్టం అందులో కూర్చునేలా. ఒక్కోవైపు ఒకటిన్నర ఎంఎం లోతు. ఆదివారం మధ్యాహ్నమంతా అదే పని, వేళ్లు బొబ్బలెక్కాయి. గొట్టం మందం 16 ఎంఎం, గాడులు రెండూ పోను పట్టీల మధ్యలో ఖాళీ 13. కింది బోల్టు దగ్గర ఆ ఖాళీలోకి ఏం పెట్టాలా అని డబ్బా వెతికితే, 8 ఎంఎం బోల్టుకి ఎక్కే నట్లు రెండు, వాటి మందం కలిపి సరిగ్గా అంతే వచ్చింది! నిజంగా చప్పట్లు కొట్టా. ముందు బ్రేకు కాబట్టి దాని బోల్టు పొడుగు, మొత్తం దాటి అవతలికొచ్చింది. నైలాన్ రింగున్న నట్లు వేశా, వదులవవు.

అంతా అయ్యాక లీవరు నొక్కితే రాయిలా ఉంది, చక్రం మాత్రం ఆగదు. సైకిల్‌కున్న కొత్తరకం లీవరు తీగ ఎక్కువ లాగుతుంది, బలం తక్కువిస్తుంది, పాతరకం బ్రేకుకి దాని జత లీవరే పెట్టాలి. మళ్లీ అటక. తీగా, దాని తొడుగూ కొత్తవి కొన్నా. పట్టీలూ నట్లూ అన్నీ కలిపి 260 రూపాయలు, రెండు ఆదివారాలు.

"పిల్ల ఎక్కే సైకిల్ బ్రేకుతో ప్రయోగాలా?" అని మా బావ తిట్టాడు. సగం ఒప్పుకుంటా. అందుకే ఇది వెనక బ్రేకు కాబట్టే చేశా. గట్టిగా ఆపేటప్పుడు బరువంతా ముందుకి పడుతుంది, అసలు ఆపేది ముందు బ్రేకే. అది విరిగితే నేను ఇలాంటివేవీ చేయను, ఫోర్కు విడిగా దొరుకుతుంది, మార్చేస్తా. పైగా అమ్మాయికిచ్చే ముందు నా 78 కిలోలతో పది రోజులు నేనే తొక్కా, కాలవ గట్టు దిగుడులో కావాలని గట్టిగా నొక్కి చూశా.

నట్టు మీదా పట్టీ మీదా కలిసేలా అమ్మాయి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశా. నట్టు ఏమాత్రం తిరిగినా గీత తెగి కనిపిస్తుంది. ప్రతి ఆదివారం కాఫీ తాగుతూ చూస్తున్నా, ఇవాళ్టికి ఆరో వారం, గీత అలాగే ఉంది. అమ్మాయి గొడవల్లా ఆ పాలిష్ గురించే, అది కొత్త సీసా అట.