నీడల పంపిణీలో అవకతవకలు

సూర్యభగవానుడి మీద నాకు వ్యక్తిగత కక్షలేవీ లేవు. ఆదివారం కూడా సెలవు పెట్టని ఉద్యోగి మీద ఎవరికి మాత్రం ఉంటాయి? అయితే నీడల పంపిణీలో ఆయన తీరు మీద మాత్రం విచారణ జరగాల్సిందే.

మా హైదరాబాద్ సంగతే తీసుకోండి. మే నెలలో పొద్దున్న ఆరున్నరకి, ఇంకా చల్లగాలి వీస్తుండగానే, మనిషికి ఐదారింతల నీడ ఇస్తాడు. ఎవరడిగారు? తొమ్మిదయ్యేసరికి కోత పెట్టి మనిషెంతో నీడంతే చేస్తాడు. తీరా మాడు పగిలే వేళకి అదీ ఉండదు. 2023 మే 9న మధ్యాహ్నం 12:12కి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చాడు. నిలబెట్టిన సీసాకి నీడే లేదని జనం ఫొటోలు తీసుకుని సంబరపడ్డారు. ఉన్నది ఊడబెరికితే పండగ చేసుకోవడం మనకి కొత్త కాదు లెండి. ఆగస్టు 3న ఇదే పని 12:23కి చేశాడు. ఈ రాకపోకల వేళలు ఏ ఆఫీసులో నేర్చుకున్నాడో! కర్కాటక రేఖకి ఉత్తరాన ఉన్న ఢిల్లీకి ఈ భాగ్యం ఏడాదిలో ఒక్కసారి కూడా లేదు. ఢిల్లీ తన దగ్గరేమీ అట్టే పెట్టుకోకుండా మనకి వదిలేసింది బహుశా ఇదొక్కటే.

ఇక అసలు అక్రమం. పదిహేను మీటర్ల ఎత్తున్న మా అపార్ట్‌మెంట్ డిసెంబరు మూడో వారంలో, జనం ఎండ కోసం డాబాలెక్కే రోజుల్లో, మిట్టమధ్యాహ్నం పదమూడు మీటర్ల నీడ పరుస్తుంది. అదే బిల్డింగు జూన్ మూడో వారంలో ఇచ్చేది ఒకటిన్నర మీటరు. అదీ దక్షిణం వైపు. అవును, మే 9 నుంచి ఆగస్టు 3 దాకా సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు కాబట్టి మధ్యాహ్నపు నీడ యముడి దిక్కున పడుతుంది. వాస్తు పండితులు దీనికి పరిహారం ఇంకా కనిపెట్టినట్టు లేదు.

వీటన్నిటికీ బలైంది మా వాచ్‌మన్. వాస్తు ప్రకారం గేటు తూర్పుకి పెట్టించుకున్నాం. పొద్దుటి ఎండంతా గేటు మీదే. కాబట్టి అతను ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని పడమటి పక్కన, మోటారు దగ్గర కూర్చుంటాడు. నీడ గోడవైపు జరిగేకొద్దీ కుర్చీ కూడా కీచుమంటూ జరుగుతుంది. ఆఖరికి వీపు గోడకి ఆనుతుంది, కాళ్లు ముడుచుకుంటాయి, చెప్పులు మాత్రం ఎండలో ఉండిపోతాయి. అప్పుడు లేచి సెల్లార్‌లోకి పోతాడు. రెండు దాటాక గేటు దగ్గరికొస్తాడు. జైపూర్‌లో మహారాజా జైసింగ్ ఇదే పనికి, అంటే నీడని బట్టి వేళ చెప్పడానికి, 27 మీటర్ల ఎత్తున సామ్రాట్ యంత్రం అనే నీడ గడియారం కట్టించాడు. మాకు ఒక్క కుర్చీతో పనైపోయింది. అయినా అసోసియేషన్‌కి కృతజ్ఞత లేదు. 'పొద్దున పూట వాచ్‌మన్ గేటు దగ్గర ఉండట్లేదు' అని ఫిర్యాదు.

మొన్న మీటింగ్ పెట్టారు. గేటుని పడమటికి మార్చాలని నేను శాస్త్రీయంగా ప్రతిపాదిస్తే, మార్చితే ఇంటి పెద్దకి అరిష్టమని సెకండ్ ఫ్లోర్ ఆయన లేచారు. ఆయన ఇస్రో ప్రయోగాలన్నీ లైవ్‌లో చూస్తారు. గేటు పక్కన వేపచెట్టు వేద్దామని ఒకావిడ అన్నారు. ఆకులు కార్ల మీద రాలతాయని ఏకగ్రీవంగా కొట్టేశారు. ఆ కార్లన్నీ రోజూ ఆఫీసుల దగ్గర నీడ వెతుక్కుని చెట్ల కిందే ఆగుతాయనుకోండి, అది వేరే సంగతి. చివరికి వాచ్‌మన్‌కి పెద్ద గొడుగు కొనిద్దామన్న తీర్మానం నెగ్గింది. రూలు ప్రకారం మూడు షాపుల నుంచి కొటేషన్లు కావాలి.

తెమ్మని వాచ్‌మన్‌నే పంపించాం. ఒంటిగంటకి బయల్దేరాడు.