అది గొడుగు కాదు

ఒక కథాసంపుటి పూర్తి చేశాను. పూర్తి చేశాననే అంటున్నాను, అర్థమైందని ఎక్కడా అనలేదు. మొత్తం 12 కథలు, 23 రోజులు పట్టింది.

మూడో కథ సంగతి చెప్పాలి. ఒకాయన గదిలో గొడుగు తెరిచి కూర్చుంటాడు. బయట వాన లేదు. చెల్లెలు వచ్చి "ఇంకానా?" అంటుంది. ఆయన గోడ వంక చూస్తాడు. కథ అయిపోయింది. బైండింగులో ఓ కాగితం ఎగిరిపోయిందేమోనని పేజీ అంకెలు చూశాను. 46 తర్వాత బుద్ధిగా 47 ఉంది. రెండు కాగితాలు అతుక్కున్నాయేమోనని వేలు తడి చేసి రుద్ది కూడా చూశాను. అబ్బే! లోపం అచ్చులో లేదని తేలింది కాబట్టి ఇక నాలోనే ఉండాలి.

సాయం దొరుకుతుందని ముందుమాట తిరగేశాను. ఆ గొడుగు ఉనికికీ లేమికీ మధ్య వేలాడే మౌనమట. అప్పటిదాకా నాకు అర్థం కానిది గొడుగు ఒక్కటే. ఇప్పుడు మౌనం కూడా.

మంచుకొండ ఎనిమిదో వంతే నీటిపైన కనిపిస్తుంది, రచన కూడా అలాగే ఉండొచ్చని అమెరికన్ రచయిత హెమింగ్వే 1932లో రాశాడు. కాకపోతే, దాచిపెట్టింది రాసేవాడికి బాగా తెలిసుండాలి, తెలియక వదిలేస్తే రచనలో డొల్ల మిగులుతుందని కూడా అన్నాడు. ఆ రెండో మాట ఎవరికీ గుర్తుండదు, మరీ నీటి అడుగున ఉండిపోయింది కాబోలు.

1948లో అమెరికన్ రచయిత్రి షిర్లీ జాక్సన్ రాసిన 'ది లాటరీ' కథ న్యూయార్కర్ పత్రికలో వచ్చినప్పుడు, ఆ వేసవిలో ఆవిడకు 300కు పైగా ఉత్తరాలు వచ్చాయి. తిట్టినవాళ్ళు తిట్టారు, చాలామంది మాత్రం ఈ కథకు అర్థమేమిటని అడిగారు. ఎంత అనాగరిక కాలం! అర్థం కాలేదని ఉత్తరం రాసి మరీ ఒప్పుకునేవారు. మనం ఎదిగాం. "లేయర్లున్నాయి" అంటాం. "మళ్ళీ మళ్ళీ చదవాల్సిన కథలు" అంటాం (ఒకసారికి బుర్రకెక్కలేదని దానర్థం).

అన్నట్టు, చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ ఉండాలి. 61వ పేజీలో "కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది" అన్న వాక్యం కింద రెండు గీతలు గీశాను. ఎందుకని నన్నడక్కండి. పుస్తకం తిరిగిచ్చినప్పుడు మిత్రుడు ఆ గీతలు చూసి చాలాసేపు తలాడించాడు.

"గొడుగు గురించి ఏమనుకున్నావురా?" అన్నాడు.

ఆ టెన్షన్‌లో నోటికొచ్చింది అనేశాను. "అది గొడుగు కాదురా."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అవును కదా!" అన్నాడు.

మొన్నొక సభలో పరిచయమైనావిడ ఈ పుస్తకం ప్రస్తావన తెచ్చి, నా మీద కాస్త జాలిపడుతూ, "మీకు తట్టి ఉండదు గానీ, అసలది గొడుగు కాదండీ" అంది. ఎవరు చెప్పారని అడిగితే మా వాడి పేరే చెప్పింది.

మరేమిటండీ అని అడగబోయి, మానేసి, నేనూ చాలాసేపు తలాడించాను.