ఓల్డ్ కోర్సు సభ్యులకే పరిమితమా?
స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో ఉన్న ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలోకి క్లబ్బు సభ్యులకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. 1754లో ఏర్పడిన క్లబ్బు, దాని రాతి భవనం సభ్యులవే కానీ, ఆట సాగే నేల ప్రజలది. సభ్యత్వం లేనివారు సైతం లాటరీలో పేరు వస్తే రుసుము చెల్లించి ఆడవచ్చు. ఆదివారాల్లో సాధారణంగా ఆట ఉండదు, ఊరివారు అక్కడ పిల్లలతో, కుక్కలతో షికారు చేస్తారు. మా అబ్బాయి దగ్గర్లోని డండీ నగరంలో చదువుతున్నప్పుడు ఒక ఆదివారం మేమూ టిక్కెట్టు లేకుండానే ఆ మైదానంలోని స్విల్కెన్ అనే చిన్న రాతి వంతెన దాటి, బంతిని పడేసే చివరి గుంత దాకా నడిచాం. విజయనగరం అయోధ్య మైదానంలో రోజూ ఉదయం నడిచే నాకు (గోల్ఫ్ కర్ర పట్టి ఎరుగను) అది పరాయి చోటనిపించలేదు. 22 గుంతల ఆట 1764లో 18కి తగ్గిందన్న సంగతి మాత్రం వ్యాసంలో సరిగానే ఉంది.