నిర్దోషులని ముందే తెలిస్తే ఏడవడం తేలికే

1989 నాటి న్యూయార్క్ అత్యాచారం కేసులో, చేయని నేరానికి జైలుపాలైన అయిదుగురు పిల్లల నిజకథ ‘వెన్ దే సీ అస్’. 2019 మే 31న నెట్‌ఫ్లిక్స్‌లో ఆ సిరీస్ వచ్చినప్పుడు, నాలుగు ఎపిసోడ్లనూ ఏకబిగిన చూడలేకపోయామని చెప్పినవాళ్లు చాలామంది. మొదటి ఎపిసోడ్ సగంలోనే ఆపేసినవాళ్లున్నారు. నల్లజాతి తల్లిదండ్రులకైతే తెర మీది పిల్లల్లో తమ పిల్లలే కనిపించారు. మాకు తెలిసిన బాధే కదా, మళ్లీ ఎందుకని అసలు చూడనివాళ్లూ ఉన్నారు. దర్శకురాలు అవా డువర్నే షూటింగ్ సమయంలోనే నటులకు, సిబ్బందికి కౌన్సెలర్లను అందుబాటులో ఉంచారు. విడుదలైన నెల తిరక్కుండానే 2 కోట్ల 30 లక్షలకు పైగా ఖాతాల్లో చూశారని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. అందులో అమెరికాలోని మనవాళ్లూ ఉన్నారు, హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాకా మేలుకుని చూసినవాళ్లూ ఉన్నారు.

ఆ కన్నీళ్లు దొంగవని నేననను. నాకున్న పేచీ వాటి టైమింగ్‌తో. సిరీస్ మొదలయ్యే సరికే మనకు అంతా తెలుసు. ఈ అయిదుగురూ ఏ తప్పూ చేయలేదు, 2002లో కోర్టే వాళ్ల శిక్షలను కొట్టేసింది. అది తెలిసి చూస్తున్నాం కాబట్టి డిటెక్టివ్ గొంతు పెంచిన ప్రతిసారీ మన పిడికిలి బిగుసుకుంటుంది. కానీ 1989 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో ఉండి, పొద్దున్నే పేపర్ తెరిచినవాళ్లకు ఈ సౌకర్యం లేదు. వాళ్లూ కదిలిపోయారు, వాళ్లకూ కడుపు మండింది. ఆ మంట తిరిగింది ఈ పిల్లల మీదికే.

ఆ మంటకు కారణం కూడా చిన్నదేం కాదు. ఏప్రిల్ 19 రాత్రి సెంట్రల్ పార్కులో జాగింగ్‌కు వెళ్లిన 28 ఏళ్ల ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ మీద అత్యాచారం చేసి, తల పగలగొట్టి, చచ్చిపోయిందనుకుని వదిలేశారు. ఆమె ఒంట్లో రక్తం చాలావరకు పోయింది. దాదాపు 12 రోజులు కోమాలో ఉంది. అదే రాత్రి పార్కులో ముప్పై మందికి పైగా కుర్రాళ్లు గుంపుగా తిరిగారు, కొందరు దారినపోయేవాళ్లను కొట్టారు. పోలీసులకు ఒకవైపు భయంకరమైన నేరం, ఇంకోవైపు చేతికందిన కుర్రాళ్లు. పత్రికలు వాళ్లను తోడేళ్ల గుంపుతో పోల్చాయి. నేరం రుజువు కాకముందే మైనర్ల పేర్లు అచ్చయ్యాయి. మే 1న డొనాల్డ్ ట్రంప్ దాదాపు 85 వేల డాలర్లు ఖర్చుపెట్టి నాలుగు పత్రికల్లో ఫుల్‌పేజీ ప్రకటనలు ఇచ్చాడు, మరణశిక్షను మళ్లీ తీసుకురావాలని. ఊళ్లో చాలామంది మనసులో ఉన్న మాటే అది. వాళ్లంతా దుర్మార్గులేం కాదు. ఆస్పత్రిలో కొన ఊపిరితో ఉన్న ఆడపిల్లను తలచుకుని బాధపడుతున్నవాళ్లే.

పోలీసుల చేతికి చిక్కినవాళ్ల వయసులు చూడండి. కెవిన్ రిచర్డ్‌సన్‌కు 14, రేమండ్ శాంటానాకు 14, ఆంట్రన్ మెక్‌క్రేకు 15, యూసఫ్ సలామ్‌కు 15, కోరీ వైజ్‌కు 16. శాంటానా లాటినో, మిగతా నలుగురూ నల్లజాతి పిల్లలు. అసలు కోరీ పేరు పోలీసుల లిస్టులోనే లేదు. స్నేహితుడు యూసఫ్‌ను తీసుకెళ్తుంటే తోడుగా స్టేషన్‌కు వెళ్లాడు, అంతే. అప్పటి న్యూయార్క్ చట్టంలో 16 నిండితే పెద్దవాడి కిందే లెక్క కాబట్టి, వాడు ఇంటికి తిరిగొచ్చేసరికి దాదాపు 13 ఏళ్లు గడిచిపోయాయి.

నన్నడిగితే సిరీస్ మొత్తానికి ప్రాణం మొదటి ఎపిసోడ్‌లోని ఇంటరాగేషన్ గదుల్లో ఉంది, జైలు సన్నివేశాల్లో కాదు. గంటల తరబడి నిద్ర లేదు, తిండి సరిగా లేదు. పక్క గదిలోవాడు నీ పేరు చెప్పేశాడంటారు. ఫలానావాడు చేశాడని నువ్వు చెబితే ఇంటికి పంపిస్తామంటారు. సాక్షిగా మాట్లాడుతున్నాననుకున్న పిల్లాడు, తాను అక్కడే ఉన్నానని, పట్టుకున్నానని చెబుతూ పోతున్నాడు. చట్టం దృష్టిలో అది నేరం ఒప్పుకోవడమే అవుతుందని వాడికి తెలియదు. ఆంట్రన్ తండ్రి అయితే పోలీసులు అడిగింది చెప్పేసి బయటపడమని కొడుకును తానే ఒత్తిడి చేశాడు. ముప్పై ఏళ్లయినా ఆ తండ్రిని క్షమించలేకపోతున్నానని ఆంట్రన్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. నలుగురు వీడియో ముందు ఒప్పుకున్నారు. యూసఫ్ తల్లి వచ్చి ఆపించడంతో అతని వీడియో లేదు, సంతకమూ లేదు. అయినా డిటెక్టివ్ చెప్పిన మాటతోనే అతనికీ శిక్ష పడింది.

ఆ వాంగ్మూలాలు ఒకదానికొకటి పొసగవు. ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరు ఏం చేశారన్నది తలా ఒక రకంగా చెప్పారు. కత్తి వాడారని కోరీ చెప్పాడు, బాధితురాలి ఒంటి మీద కత్తిగాటే లేదు. దొరికిన వీర్యం డీఎన్‌ఏ అయిదుగురిలో ఎవరితోనూ కలవలేదు. ఇది తర్వాతెప్పుడో బయటపడిన రహస్యం కాదు, 1990లో విచారణ జరుగుతున్నప్పుడు జ్యూరీకి తెలిసిన విషయమే. దొరకని ఇంకొకడెవడో ఉండి ఉంటాడని ప్రాసిక్యూషన్ సర్దిచెప్పింది, జ్యూరీ సరేనంది. కళ్ల ముందు వీడియోలో ఒక కుర్రాడు ‘అవును, మేమే’ అంటుంటే ల్యాబ్ రిపోర్టును ఎవరు పట్టించుకుంటారు?

ఆ ఇంకొకడు నిజంగానే ఉన్నాడు. పేరు మటియాస్ రెయెస్. ఈ దాడికి రెండు రోజుల ముందే అదే పార్కులో ఇంకో మహిళ మీద దాడి చేశాడు. అయిదుగురు పిల్లలు కేసులో ఇరుక్కున్న ఆ వేసవిలో బయట యథేచ్ఛగా తిరిగి మరికొందరి మీద అత్యాచారాలు చేశాడు, ఒక గర్భిణిని చంపాడు. ఆగస్టులో దొరికాడు. పార్కులో ఆ పని చేసింది తానొక్కడినేనని 2002లో ఒప్పుకున్నాడు, డీఎన్‌ఏ సరిపోయింది. ఆ ఏడాది డిసెంబర్ 19న శిక్షలన్నీ రద్దయ్యాయి.

సిరీస్ చూసి ఏడ్చినవాళ్లలో ఎంతమందికి ఆ గర్భిణి గుర్తుంది? తప్పుడు కేసు అనగానే జైల్లో మగ్గిన అమాయకుడి దగ్గరే మన ఆలోచన ఆగిపోతుంది. ఒక నిర్దోషి లోపలికి వెళ్తే ఒక దోషి బయట ఉన్నట్టే. మహిళల భద్రత కోసమే తొందరపడ్డామన్నవాళ్ల తొందర ఇంకో మహిళ ప్రాణం మీదికి వచ్చింది. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే గట్టి పాయింట్ ఇదే. తెర మీద ఇది దాదాపు పక్కదారి కథ. జాగింగ్‌కు వెళ్లిన ఆ మహిళ బాధకూ అంతే చోటు.

ఇక ఆ సిరీస్ రేపిన కోపం ఎటు పోయిందో చూద్దాం. అప్పట్లో లైంగిక నేరాల ప్రాసిక్యూషన్ విభాగానికి అధిపతి లిండా ఫెయిర్‌స్టీన్. తర్వాత క్రైమ్ నవలలు రాసి పేరు తెచ్చుకుంది. సిరీస్‌లో ఆమె పచ్చి విలన్. విడుదలైన కొద్దిరోజులకే ప్రచురణకర్తలు ఆమెను వదిలేశారు, సంస్థల బోర్డుల నుంచి ఆమె తప్పుకోవాల్సి వచ్చింది. కోర్టులో ప్రాసిక్యూషన్ తరఫున కేసు వాదించిన ఎలిజబెత్ లెడరర్ కొలంబియా లా స్కూల్‌లో పాఠాలు చెప్పడం మానేసింది. ఫెయిర్‌స్టీన్ 2020లో నెట్‌ఫ్లిక్స్ మీద పరువునష్టం దావా వేసింది. 2024లో రాజీ కుదిరింది. తప్పుడు శిక్షలు పడ్డవాళ్ల తరఫున పోరాడే ఇన్నోసెన్స్ ప్రాజెక్టు అనే సంస్థకు నెట్‌ఫ్లిక్స్ 10 లక్షల డాలర్లు ఇచ్చింది, ఇందులో కొంత కల్పన ఉందన్న ప్రకటనను సిరీస్ మొదట్లోకి తెచ్చింది.

ఫెయిర్‌స్టీన్ మీద నాకు జాలి లేదు. కానీ విలన్ దొరికిన కథలో వ్యవస్థ బతికిపోతుంది. నిందితుడికి పోలీసులు అబద్ధాలు చెప్పి రాబట్టిన వాంగ్మూలాన్ని కూడా 1969లో ఫ్రేజియర్ వర్సెస్ కప్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెల్లుతుందంది. డీఎన్‌ఏ వల్ల నిర్దోషులుగా తేలినవాళ్లలో నాలుగో వంతుకు పైగా ఏదో ఒక దశలో చేయని నేరం ఒప్పుకున్నవాళ్లేనని ఇన్నోసెన్స్ ప్రాజెక్టు లెక్క. అయినా మైనర్లను విచారించేటప్పుడు పోలీసులు అబద్ధాలు చెప్పకూడదని చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇల్లినాయిస్, అదీ 2021లో. నవలా రచయిత్రిని బహిష్కరించడానికి పట్టింది రోజులు, దీనికి పట్టింది దశాబ్దాలు. న్యూయార్క్ పోలీసు శాఖ వేయించిన కమిటీ అయితే, శిక్షలు రద్దయ్యాక కూడా, 2003లో తమవాళ్ల తప్పేమీ లేదనే తేల్చింది. చివరకు 2014లో న్యూయార్క్ నగరం 4 కోట్ల 10 లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడింది.

ట్రంప్ ఇప్పటిదాకా క్షమాపణ చెప్పలేదు. 2024 సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో కమలా హ్యారిస్‌తో డిబేట్‌లో వాళ్లు కోర్టులో నేరం ఒప్పుకున్నారని, ఒక మనిషి చనిపోయిందని అన్నాడు. వాళ్లు కోర్టులో ఎప్పుడూ నేరం ఒప్పుకోలేదు, బాధితురాలు చనిపోలేదు. డిబేట్ అయ్యాక యూసఫ్ సలామ్ ఎదురుపడి తానెవరో చెప్పాడు. అప్పటికే అతను హార్లెం నుంచి గెలిచిన న్యూయార్క్ సిటీ కౌన్సిల్ సభ్యుడు. ‘అయితే నువ్వు నా పక్షమే’ అన్నాడట ట్రంప్. కాదన్నాడు యూసఫ్. తర్వాతి నెలలో అయిదుగురూ కలిసి ట్రంప్ మీద పరువునష్టం దావా వేశారు.

మన దగ్గరికొస్తే, వంద మంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదన్న మాట మనం సినిమా డైలాగుల నుంచి స్కూలు వ్యాసరచన దాకా నేర్చుకున్నదే. ఆ సిరీస్ వచ్చింది 2019 మే నెలాఖరులో. అదే ఏడాది నవంబర్ 27న శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను పోలీసులు కాల్చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, స్వీట్లు పంచారు. వాళ్లు నిర్దోషులని నేను అనడం లేదు. అది తేలే దారే లేకుండా పోయిందంటున్నాను. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని, చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని తేల్చేసరికి 2022 వచ్చింది. పూలు చల్లిన రోజుతో పోలిస్తే ఆ నివేదిక వచ్చిన రోజు మన వాట్సాప్ గ్రూపులు చాలా ప్రశాంతంగా ఉన్నాయి.

పైగా మన చట్టం ఈ విషయంలో అమెరికా కంటే జాగ్రత్తగా రాసుకున్నది. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నానని చెప్పినా అది సాక్ష్యం కిందికి రాదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్‌లోనే ఉంది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. కానీ మన పేపర్లకు, చానెళ్లకు ఆ సెక్షన్ వర్తించదు. ముఖానికి ముసుగులేసి ప్రెస్‌మీట్‌లో వరసగా నిలబెడతారు, మర్నాడు ‘విచారణలో నేరం అంగీకరించిన నిందితులు’ అని హెడ్డింగ్. కోర్టులో చెల్లని కాగితం ఊరంతటికీ తీర్పు అయిపోతుంది.

2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న ఫార్మసీ విద్యార్థిని హత్య కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడాది పోలీసులు ఒక దళిత యువకుణ్ని పట్టుకుని ఇతనే హంతకుడన్నారు. 2010లో కింది కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలిపెట్టింది. అప్పటికి ఎనిమిదేళ్లు జైల్లోనే గడిచాయి. పరిహారం లక్ష రూపాయలు. అన్నేళ్లలో పోలీసులు చూపించినవాడి మీదికి కోపం మళ్లించడానికి ఒప్పుకోని మనిషి ఒకరున్నారు, ఆ అమ్మాయి తల్లి. తన బిడ్డను చంపింది ఇతను కాదని, అసలువాళ్లను పట్టుకోమని ఆమె మొదటి నుంచీ ప్రెస్ ముందు చెబుతూనే వచ్చింది.