పాత మెయిల్ యాప్‌కి ఏ జబ్బూ లేదు

బీఎస్ఎన్ఎల్ డయలప్ (ఫోన్ లైన్ మీదే ఇంటర్నెట్) రోజుల్లో మెయిల్ చూడటం ఒక తంతు. మోడెమ్ కీచుకీచుమని అరిచి కనెక్ట్ కాగానే ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో సెండ్-రిసీవ్ నొక్కాలి. వచ్చినవన్నీ దిగాక లైన్ కట్ చేసి, తీరిగ్గా చదువుకోవాలి. మెయిల్స్ దిగగానే ఫోన్ దానంతటదే పెట్టేసే ఆప్షన్ కూడా ఉండేది అందులో. ఫోన్ బిల్లు నాన్నగారు కట్టేవారు కాబట్టి ఆ టిక్ మార్కు విలువ నాకు బాగా తెలుసు. ఒకసారి దిగిన మెయిల్ ఇక మా ఇంట్లో ఉన్నట్టే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, విండోస్‌తో పాటు ఉచితంగా వచ్చిన మెయిల్ యాప్‌ని మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబరు 31తో ఆపేసింది. "ఇక దీన్ని బాగుచేయం, వాడుకుంటే మీ ఇష్టం" అని వదిలేసి ఉంటే నాకు పేచీ లేదు. అలా కాదు. ఆ తేదీ తర్వాత దాంట్లోంచి మెయిల్ పోదు, దాంట్లోకి రాదు. కంప్యూటర్లో ఉన్న పాతవి బయటికి తీసుకోవచ్చు, అంతే. జీమెయిల్ అలాగే ఉంది, యాహూ అలాగే ఉంది, మెయిల్ తెచ్చిపెట్టే ఐమ్యాప్ పద్ధతి 1980ల నుంచీ ఉన్నదే. పాత పాస్‌వర్డ్ లాగిన్లతో ప్రమాదం, అందుకే మార్చాం అంటారా? జీమెయిల్ పెట్టుకోవాలంటే ఆ యాప్ కూడా గూగుల్ లాగిన్ పేజీనే తెరిచేది కదా, పాస్‌వర్డ్ యాప్ చేతిలో పెట్టే పనే లేదు. పనిచేస్తున్న దాన్ని కూర్చోబెట్టి చేతులు కట్టేశారు.

దాని స్థానంలో వచ్చింది కొత్త ఔట్‌లుక్. ఈ పేర్ల గొడవ వేరే. ఎక్స్‌ప్రెస్ పోయి విస్టాలో విండోస్ మెయిల్, దాని తర్వాత విండోస్ లైవ్ మెయిల్, అదీ 2017 జనవరిలో సెలవు తీసుకుంది. ఇప్పుడు వెబ్‌సైట్ పేరూ ఔట్‌లుకే, ఆఫీస్‌తో వచ్చేదీ ఔట్‌లుకే, కొత్తదీ ఔట్‌లుకే. మా క్లాసులో నలుగురు శ్రీనివాసరావులు ఉంటే మాస్టారు పొట్టి శ్రీను, పొడుగు శ్రీను అని పిలిచినట్టు, వీళ్లు కూడా ఒకదానికి "క్లాసిక్" అని, ఇంకోదానికి "న్యూ" అని తగిలించుకున్నారు.

కొత్త శ్రీను సంగతి చూద్దాం. పైకి యాప్‌లా కనిపిస్తుంది గాని, లోపల నడిచేది వెబ్ పేజీయే. డబ్బు కట్టని వాళ్లకి ఇన్‌బాక్స్‌లోనే, మెయిల్ పక్కన మెయిల్‌లా ప్రకటనలు. మొదట్లో పీఎస్‌టీ ఫైలు (పాత ఔట్‌లుక్ మెయిల్స్ దాచుకునే ఫైలు) తెరవడం కూడా రాలేదు దీనికి. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి వాడుతున్న పాత రకం యాడ్-ఇన్లు, అంటే ఔట్‌లుక్‌కి తగిలించుకునే అదనపు పనిముట్లు, ఇందులో నడవవు. ఇవి ఎప్పటికైనా సర్దుకుంటాయేమో.

నాకు మింగుడుపడనిది వేరే. మీ జీమెయిల్‌నో, ఇంకో ఐమ్యాప్ అకౌంట్‌నో ఇందులో చేర్చితే ఆ మెయిల్స్ కాపీ మైక్రోసాఫ్ట్ సర్వర్లలోకి వెళ్తుంది. ఇది పుకారు కాదు, చేర్చేటప్పుడు వాళ్లే చెప్తారు. ఐమ్యాప్ పాస్‌వర్డ్ కూడా వాళ్ల సర్వర్లకి వెళ్తోందని జర్మనీ టెక్ పత్రిక ఒకటి 2023 నవంబరులో బయటపెడితే, ఆ దేశపు డేటా రక్షణ కమిషనరే కంగారుపడ్డారు. పాత యాప్‌లో నా మెయిల్ గూగుల్ దగ్గర్నుంచి నేరుగా నా కంప్యూటర్‌కి వచ్చే వీలుండేది. మధ్యలో ఈ మూడో మనిషి ఎందుకు?

పైగా 2025 ఫిబ్రవరిలో విండోస్ 10 వాళ్లందరికీ సెక్యూరిటీ అప్‌డేట్‌లో కలిపి దీన్ని దించారు. రాకుండా ఆపే దారి లేదట, వచ్చాక కావాలంటే తీసేసుకోవచ్చట! పిలవని పేరంటానికి వచ్చి, నచ్చకపోతే గెంటెయ్యండి అన్నట్టుంది.

"కొత్తదానికి అలవాటు పడాలి" అని చెప్పేవాళ్లకి మా ఆఫీసు సంగతి ఒకటి చెప్తాను. మాది ఆడిటర్ ఆఫీసు. మేం వాడే ఒక అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ (పేరు అనవసరం) రాత్రికి రాత్రి కొత్త వేషంతో దిగింది. ఆ రోజు 20వ తారీఖు, జీఎస్టీ త్రీ-బీ రిటర్న్‌కి ఆఖరి రోజు. మా సీనియర్ అకౌంటెంట్ గారికి అరవై దాటాయి. కీబోర్డు చూడకుండా కొట్టే మనిషి. ఆయన సేవ్ అనుకుని నొక్కిన కీ ఇప్పుడు ఇంకేదో విండో తెరుస్తోంది. రెండు గంటలు అవస్థపడి, కుర్చీలో వెనక్కి వాలి అన్నారు: "నేను అలవాటు పడతాను బాబూ, నా చేతికి చెప్పేదెవరు?"

మార్పే వద్దని కాదు. థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ యాప్ కూడా 2023 జూలైలో 115 వెర్షన్‌తో మొహం మార్చుకుంది, అప్పుడు నేనూ విసుక్కున్నాను. కానీ మెయిల్స్‌ని పాత పట్టికలా చూసే వీలు అలాగే ఉంచారు. విరాళాల మీద నడిచేవాళ్లు చేయగలిగిన పని అంత పెద్ద కంపెనీకి చేతకాదంటే నమ్మను. నేను ప్రస్తుతం థండర్‌బర్డ్‌లోనే ఉన్నాను. మెయిల్స్ ఉన్న ప్రొఫైల్ ఫోల్డర్‌ని నెలకోసారి కాపీ చేసుకుని బీరువాలో పెడతాను. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ.

అన్నట్టు, మీ పాత కంప్యూటర్లో ఆ మెయిల్ యాప్ ఇంకా ఉంటే, దాంట్లో ఉండిపోయినవి ఏమైనా ఉన్నాయేమో ఈ ఆదివారం ఒకసారి తెరిచి చూడండి. ఫార్మాట్ కొట్టించాక నన్నడిగి లాభం లేదు.