మానిటర్ మీది పూత గారికి

మహారాజశ్రీ యాంటీ రిఫ్లెక్షన్ పూత గారికి,

విజయవాడ గవర్నర్‌పేట నుంచి, కంప్యూటర్లో అక్షరాలు కూర్చే డీటీపీ వాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా లేరని రోజూ కళ్ళారా చూస్తూనే ఉన్నాను.

2002లో ఈ 17 అంగుళాల డబ్బా మానిటర్ కొన్నప్పుడు దాని గాజు మీద మెరుపు తగ్గించే మీరున్నారని నాకెవరూ చెప్పలేదు. మా కొట్టు పడమటి ముఖం. మూడు దాటితే ఎండ తిన్నగా తెర మీదికే వచ్చేది, అయినా అక్షరాలు చక్కగా కనిపించేవి. అదంతా మానిటర్ గొప్పతనమే అనుకున్నాను. చాకిరీ మీది, పేరు గాజుది. మాకు ప్రూఫులు దిద్దే పెద్దాయన పరిస్థితీ ఇంతే. తప్పు దొర్లిన రోజునే అందరికీ ఆయన గుర్తొస్తాడు.

నిరుడు దసరా వచ్చింది. ఇంద్రకీలాద్రి కింద కొట్టు పెట్టుకుని ఆయుధపూజ చెయ్యకపోతే ఎలా? ప్రింటరుకీ కట్టరుకీ బొట్లు అయ్యాక మా ఆవిడ మీ దగ్గరికి వచ్చింది. తెర మీద వద్దన్నాను. "అన్నం పెట్టేదాని మొహాన బొట్టు లేకపోతే ఎట్లాగండీ?" అని నట్టనడుమ గంధం, కుంకుమ అద్దింది. సెలవులయ్యి కొట్టు తెరిచేసరికి గంధం పెచ్చు కట్టింది. మా కుర్రాడు, పూజలో పెట్టిన ఆ కట్టర్‌తోనే గీకేశాడు. ఆయుధానికి చేసిన పూజ వెంటనే ఫలించింది.

మీ వంశం గురించి అప్పుడే వాకబు చేశాను. పాతబడి మసకేసిన గాజు, కొత్త గాజు కంటే ఎక్కువ వెలుగును పోనిస్తోందని 1886లో లార్డ్ రేలీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త గమనించాడట. అంటే మీ మూలపురుషుడు చిలుము. తర్వాత 1938లో కాథరిన్ బ్లాడ్జెట్ అనే శాస్త్రవేత్త సబ్బు జాతి పదార్థాన్ని 44 పొరలు వేసి గాజు మెరుపు పోగొట్టింది. అది గట్టిగా తుడిస్తే ఊడిపోయేది. మీ నాజూకుతనం ఇవాళ్టిది కాదన్నమాట! మందం చూస్తే వెంట్రుకలో వెయ్యో వంతు. మీ పైనుంచి తిరిగొచ్చే వెలుగుకీ, మీ కింద గాజు నుంచి తిరిగొచ్చే వెలుగుకీ తగువు పెట్టి, ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా చేస్తారు. అన్నదమ్ములకి తగువు పెట్టి ఇంటిని ప్రశాంతంగా ఉంచడం మీకే చెల్లింది. మీరు లేని చోట గాజు తన మీద పడ్డ వెలుగులో 4 శాతం దాకా మొహాన కొడుతుంది. మే నెల బెజవాడ ఎండలో 4 శాతమంటే ఏమిటో మా ఊరివాళ్ళని అడగండి.

సరే, మీరు ఊడిన చోట గుండ్రటి మచ్చ మిగిలింది. చుట్టూ నల్లటి అంచు. తెలుగు అక్షరాల మధ్య గుండ్రంగా కనిపించేదాన్ని ఏమంటారు? సంక్రాంతికి ఒక వార్డు నాయకుడి ఫ్లెక్సీ చేశాం. "పండగ"లో సున్న ఉందని ముగ్గురం చూసి మరీ పంపాం. ఉన్నది మీ సున్న. ఆయన సెంటర్లో రెండు చేతులూ జోడించి, నవ్వుతూ, ప్రజలందరికీ "సంక్రాంతి పడగ శుభాకాంక్షలు" చెప్పాడు. డబ్బులు ఇంకా రాలేదు.

వైద్యం చేయించలేదని మాత్రం అనకండి. టూత్‌పేస్ట్ రుద్దితే గీతలు పోతాయని పక్క జెరాక్స్ ఆయన అన్నాడు. రుద్దాను. గీతలు పోయాయి, వాటితో పాటు చుట్టుపక్కల మీరూ పోయారు. పేస్టులో ఉండేది పంటి గారని అరగదీసే పొడి, మీరేమో ఆ రాపిడికి ఆగేంత మందం లేరు. అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రే కొట్టాను. మచ్చ అరచేతంత అయింది. చివరికి మెకానిక్‌ని పిలిస్తే అతను వేలితో తడిమి, "గాజు మీద గీతైతే సీరియం ఆక్సైడ్ పొడితో సానపట్టొచ్చు సార్. ఇది పూత, దీనికి అతుకు పడదు. పీకితే మొత్తం పీకాలి" అన్నాడు. మొత్తం పీకితే మచ్చ ఉండదు నిజమే, కానీ తెరంతా అద్దమైపోతుంది. నల్లటి అక్షరం వెలిసిపోయినట్టుంటుంది. పైగా రోజుకి పది గంటలు నా మొహం నేనే చూసుకుంటూ పెళ్ళిపత్రికలు చెయ్యాలి. అంత ధైర్యం నాకు లేదు.

ఒక్క లాభం మాత్రం ఒప్పుకోవాలి. ఆ అరచేతంత అద్దంలో నా వెనక నిలబడ్డవాళ్ళు కనిపిస్తున్నారు. "నిదానంగా చెయ్యండి, తొందరేం లేదు" అంటూనే పక్కవాడికి వాచీ చూపించి నుదురు కొట్టుకునే పెద్దమనుషులు ఇంతమంది ఉన్నారని మీరు బాగున్న రోజుల్లో నాకు తెలియలేదు.

మొన్న మళ్ళీ దసరా వచ్చింది. ఈసారి బొట్టు సీపీయూకి పెట్టమని మా ఆవిణ్ణి బతిమాలాను. వినలేదు. కళ్ళజోడు సర్దుకుని, తెరని అటూ ఇటూ చూసి, సరిగ్గా పాత చోటే పెట్టి, "చూశారా, దాని చోటు అదే చూపిస్తోంది" అంది.

ఇట్లు,
పడగ ఫ్లెక్సీ తాలూకు డీటీపీ,
గవర్నర్‌పేట.