తాళంచెవుల వైద్యం

పోయిన నెల తిరుపతి బస్టాండులో మా పిన్నమ్మ కూతురికి ఫిట్స్ వచ్చింది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద తువ్వాలు మడిచి పెట్టి, వాచీ చూస్తూ కూర్చున్నాను. డాక్టరు చెప్పింది అంతే. నోట్లో ఏమీ పెట్టొద్దు, కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తు.

కానీ మన ఊళ్లో వైద్యులకు కరువా? చేతిలో ఇనుము పెడితే ఫిట్స్ ఆగుతుందట, నిమిషం తిరక్కముందే పదిమంది జేబుల్లోంచి తాళంచెవులు బయటికొచ్చాయి.

ఇది ఎంత లోతైన శాస్త్రమో నాకు అప్పుడే తెలిసింది. ఆటో తాళంచెవి చాలదట, బరువుండదట. బీరువాదైతే శ్రేష్ఠం. "ఇనుమైతేనే లాగుతుంది నాయనా, ఇత్తడి లాగదు" అని చంకలో చీటీల పుస్తకం పెట్టుకున్న పెద్దాయన తీర్పిచ్చాడు. ఏం లాగుతుందో మాత్రం చెప్పలేదు. అప్పుడే కొండ దిగొచ్చిన గుండు భక్తుడొకాయన కారు రిమోట్ తెచ్చి పిల్ల గుప్పిట్లో కుక్కాడు. అది ప్లాస్టిక్ కదా సామీ అంటే, "లోపల బ్యాటరీ ఉంది" అన్నాడు ధీమాగా. ఒకడు ఉల్లిపాయ కోసం టిఫిన్ బండి దగ్గరికి ఉరికాడు. వచ్చేటప్పుడు చట్నీ కూడా తెస్తాడేమోనని భయపడ్డాను.

రెండు నిమిషాలకు ఫిట్స్ ఆగింది. చాలాసార్లు దానంతటదే ఆగుతుంది. మెదడులో కరెంటు కాసేపు గాడి తప్పి, మళ్లీ సర్దుకుంటుంది. "చూశారా, నా తాళంచెవే!" అన్నారు ముగ్గురు ఒక్కసారే. నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదన్న అవ్వ ఒక్కతే, ఇక్కడ ముగ్గురు. పిల్ల గుప్పిట్లో, ఒళ్లో కలిపి ఆరు గుత్తులు. ఎవరివి ఎవరివో తేలక అరగంట పంచాయితీ. పాపం పిల్ల లేచి అడిగింది ఒకటే, "అన్నా, బస్సు పోయిందా?"

వారం దాకా చెప్పుకుని నవ్వాను. తర్వాత అసలు సంగతి తెలిసింది. ముందురోజు రాత్రి చుట్టాల పెళ్లిలో పదిమంది ఆడవాళ్ల మధ్య పడుకుందట. ఫిట్స్ మాత్ర తీస్తే ఎవరైనా చూస్తారని మింగలేదు. ఆ మాత్రలను కాల్షియం డబ్బాలో దాచుకుని తిరుగుతుంది, ఇరవై నాలుగేళ్ల పిల్ల! సరిగ్గా మందులు వాడితే నూటికి డెబ్బై మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మింగనిస్తే కదా! పదేపదే మూర్ఛ వచ్చేవాళ్ల పెళ్లికి అడ్డుగా హిందూ వివాహ చట్టంలో ఉన్న మాటను 1999లోనే కొట్టేశారు. మొన్న చిత్తూరు సంబంధం వాళ్లకు మేమే నిజం చెబితే, తిన్న మైసూర్‌పాకు నోట్లో ఉండగానే లేచి చెప్పులేసుకున్నారు. పైగా మధ్యవర్తి మాకే గడ్డి పెట్టాడు, ఎందుకు చెప్పారని. సిగ్గు ఎవరికుండాలయ్యా? బీపీ మాత్రను నలుగురిలో దర్జాగా మింగే నీకు, ఆ పిల్ల మాత్ర కనబడితే వంశం మునుగుతుందా?

ఆరు గుత్తుల్లో ఒకటి ఇంకా మా ఇంట్లోనే మేకుకు వేలాడుతోంది. ఎర్రదారం కట్టిన సైకిల్ తాళంచెవి. తమరిదైతే వచ్చి తీసుకెళ్లండి. కాఫీ మా పిల్లే కలిపిస్తుంది. తాగి పోవాలి.